ఏరుకొచ్చే ఆటల నీ ఉత్తరం పోయింది

హనుమకొండ,
దసరా అయిన నాలుగో రోజు

అరే దోస్త్,

ఎట్లున్నవ్? మొన్న ఫోన్ల నీ బిడ్డ బడికెల్లి వచ్చిన చీటీ చదివి, "స్కావెంజర్ హంట్ అంటే ఏందిరా, పిల్లలతోని చెత్త ఎత్తిపిస్తరా?" అని అడిగినవు గదా. నేను పెద్ద తెలిసినోని లెక్క "ట్రెజర్ హంటే, పేరు మార్చిన్రు" అని ఫోన్ పెట్టేసిన. తప్పు చెప్పిన. మళ్ల ఫోన్ జేసి చెప్పొచ్చు గాని, ఉత్తరమే ఎందుకు రాస్తున్ననో కిందికి పోతే నీకే తెలుస్తది.

ట్రెజర్ హంట్ల ఒకడు ముందే దాస్తడు. ఒక చీటీ ఇంకో చీటీ కాడికి తోలుతది, ఆఖరికి ఒక్కటే బహుమతి. దీంట్ల ఎవ్వడు ఏదీ దాయడు. చేతిల ఒక లిస్టు పెట్టి, గంటనో రెండు గంటలో టైమిచ్చి ఊరి మీద ఇడుస్తరు. ఇల్లిల్లు తిరుగుతవో, చెట్టే ఎక్కుతవో, ఎవల్ని బతిమాలుతవో నీ ఇష్టం. ఎక్కువ తెచ్చినోళ్లు గెలిచినట్టు. కొనొద్దు, అదొక్కటే కట్టడి.

ఇదంతా నాకు మా మేనకోడలు నేర్పింది. దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చి, తన పుట్టినరోజుకు మా గల్లీ పోరగాళ్లను జమ చేసి ఆడిపించింది. లిస్టుల పన్నెండు ఉన్నయి. గునుగు పువ్వు, జమ్మి ఆకు, చింతగింజ, కాకి ఈక, పాత పెండ్లి కార్డు, ఇట్లాంటివే. పావలా బిళ్ల కోసం మస్తు తిరిగిన్రు పాపం. 2011 జూన్‌తోనే చెల్లకుండ పోయె, ఇంక ఎవలింట్ల ఉంటది? ఆఖరికి కిరాణం దుకాణం ముసలాయన గల్లా అడుగున దొరికింది. ఆయన ఇచ్చేటందుకు ఒప్పుకోలేదట, "సూశి మళ్ల తెచ్చియ్యాలె" అని ఒట్టు పెట్టించుకున్నడట.

మా అమ్మ అరుగు మీద కూసోని అంతా చూసి, "గీ ఏరుకొచ్చుడుకు ఇంగ్లీషు పేరెందుకే? బతుకమ్మకు మేం జేసింది గిదే గాదా" అన్నది. నిజమే. పొద్దుగాల లేచి బీడు భూములల్ల తంగేడు, చేన్ల గట్ల మీద గునుగు, ఎవలి పెరట్లనో గుమ్మడి పువ్వు. లిస్టు కాయితం మీద లేకుంటేమాయె, నోట్ల ఉండేది.

నాకైతే అంతకన్నా వినాయక చవితి పత్రి యాదికొచ్చింది. ఇరవై ఒక్క రకాలు! పంతులు చదివినవన్నీ సంస్కృతం పేర్లాయె. అపామార్గం అంటే ఉత్తరేణి అని, బదరి అంటే రేగు అని, బృహతి అంటే వాకుడని మనకు చెప్పినోడు లేడు. ఉత్తరేణి కోసం కాలువ గట్టు పొంట పోతే గింజలన్నీ లాగులకు అంటుకుని ఇంట్ల తిట్లు పడ్డయి చూడు. దేవదారు ఏడ తెస్తం? అది హిమాలయాల చెట్టు. నువ్వు బడి ముంగట అశోక చెట్టు కొమ్మ ఇరిచి "ఇదే దేవదారు" అని గంభీరంగ ఇచ్చినవు. పంతులు ఒక్కసారి నీ దిక్కు చూసి, ఏమనకుండ పళ్లెంల పెట్టిండు. ఆటల మోసం మొదలుపెట్టింది నువ్వేరా, ఒప్పుకో.

ఊకె ఉండబుద్ధి కాక ఆ స్కావెంజర్ అనే మాట ఏడికెల్లి వచ్చిందో తవ్విన. వెనుకట లండన్‌ల బయటి వర్తకులు సరుకు అమ్మకానికి చూపెడితే కట్టే సుంకం పేరు స్కావేజ్. వసూలు చేసేటాయన స్కావేజర్. తర్వాత వీధులు సాఫ్‌గ ఉన్నయో లేవో చూసే పని కూడా ఆయన నెత్తినే పడ్డది. పోను పోను ఊడ్చేటోళ్లకే ఆ పేరు ఖాయమైంది. నడుమల ‘న్’ అనే చప్పుడు ఎట్లనో జొర్రింది, పాసింజర్‌ల, మెసెంజర్‌ల జొర్రినట్టే. ఇగ ఈ ఆటను 1930లల్ల అమెరికా శ్రీమంతుల దావత్‌లల్ల నడిపించినామె ఎల్సా మ్యాక్స్‌వెల్. షికాగో యూనివర్సిటీ పిల్లలు 1987 నుంచి ఏటేటా ఆడుతున్నరు. 1999ల లిస్టు చూసి ఇద్దరు పోరగాళ్లు చిన్న అణు రియాక్టరే కట్టిపెట్టిన్రు! ఇప్పుడైతే మామూలు మాటల కూడా వాడుతరు, పది తావులు తిరిగి ఒక్కొక్కటి కూడబెట్టే పనికి. మొన్న ఒక సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుల నన్ను నాలుగు బల్లల చుట్టూ తిప్పిన్రు. ఆ లెక్కన అది కూడా స్కావెంజర్ హంటే, కేక్ ఒక్కటే లేదు.

అసలు సంగతి చెప్త ఆగు. మా గల్లీల చెత్త ఎత్తేటామె కొడుకు తొమ్మిది చదువుతున్నడు, వాన్ని కూడా పిలిచినం. మేనకోడలు అట్ట మీద రంగుల పెన్నులతోని ఇంగ్లీషుల ఆట పేరు రాసి తలుపుకు కొట్టింది. పిలగాడు వచ్చి ఆ అట్ట ముంగట నిలబడ్డడు. అక్షరాలు కూడబలుక్కుని, "అంకుల్, ఈ స్కావెంజర్ అంటే మా సార్ చెప్పిన మాటనేనా?" అన్నడు. నా నోట్లకెల్లి మాట రాలే. మన దేశంల ఆ మాట దేని మీద ఉన్నది? చేతులతోని పాయఖానా ఎత్తిపిచ్చుడు బందు జేస్తూ 1993ల ఒకటి, 2013ల ఇంకోటి, రెండు చట్టాల పేర్లల్ల ఉన్నది. ఆ పని పోవాలని కొట్లాడినందుకే బెజవాడ విల్సన్‌కు 2016ల మెగసెసే అవార్డు వచ్చింది. గసొంటి మాటను మేం బుగ్గలు కట్టి తలుపుకు తగిలిచ్చినం.

1936 నాటి ‘మై మ్యాన్ గాడ్‌ఫ్రే’ సినిమా మొదలే ఈ ఆట. శ్రీమంతుల లిస్టుల ‘అందరు మరిచిన మనిషి’ అని ఉంటే, చెత్తకుప్పల కాడ బతికే ఒకాయనను పట్టుకొస్తరు. లిస్టుల మనిషి, చూడు!

మా మేనకోడలు పోరి తెలివైంది. ఆ పిలగాడు ఏడ్వలేదు, అలగలేదు, ఊకె అడిగిండు అంతే. గాని అది గబగబ అట్ట తిప్పి, వెనుక "ఏరుకొచ్చే ఆట" అని తెలుగుల రాసి మళ్ల తగిలిచ్చింది. "అమ్మమ్మ పెట్టిన పేరే మంచిగున్నది" అని తనలో తనే అనుకున్నది. ఆఖరికి గెలిచింది కూడా ఆ పిలగాడే. పన్నెండుకు పదకొండు తెచ్చిండు. గల్లీల ప్రతి ఇల్లు, ప్రతి గోడ వానికి తెలుసాయె.

దొరకని ఆ ఒక్కటి చేతితో రాసిన ఉత్తరం. ఇల్లిల్లు తిరిగినా ఎవ్వల దగ్గర లేదు. నా పాత ట్రంకు పెట్టెల నీది ఒక్కటి ఉండె. 1998ల నువ్వు హాస్టల్ నుంచి రాసిన ఇన్‌లాండ్, నూటయాభై రూపాయలు పంపుమని. తీసి మేనకోడలు జట్టుకు ఇచ్చిన. అన్యాయమే, కని మేనకోడలు గదా. దాన్ని పోరగాళ్లు గట్టిగ చదివి నవ్విన నవ్వు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. ‘మెస్సుల సాంబారు’ గురించి నువ్వు రాసిన నాలుగు లైన్లైతే రెండుసార్లు చదివిన్రు.

పావలా బిళ్ల ముసలాయనకు ముట్టింది గాని ఉత్తరం మాత్రం వాపసు రాలే. ఎవలి సంచిల పోయిందో తెల్వదు, అడిగితే అందరు అందరి మీద చెప్తున్నరు. పెట్టెల ఆ జాగ ఖాళీగున్నది. అందుకే ముందు నేను రాస్తున్న. నువ్వు వాట్సాప్‌ల బొటనవేలు గుర్తు పంపుడు బందు పెట్టి పెన్ను పట్టు. నూటయాభై ఇచ్చిననో లేదో నాకు యాదికి లేదు, అది కూడా రాయి.

నీ,
అశోక కొమ్మ సాక్షి