శుక్రవారం ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే

అమ్మా,

శుక్రవారం నేను ఫోన్ ఎత్తలేదని నాన్నని కూడా నిద్ర లేపి కూర్చోబెట్టావంట, తమ్ముడు చెప్పాడు. నాకేం కాలేదు. నీకు తెల్లారుజామున నాలుగున్నర అంటే ఇక్కడ సాయంత్రం ఆరు, శుక్రవారం ఆ టైంకి నేను మెట్ మ్యూజియంలో ఉంటా, అదే న్యూయార్క్ లో బొమ్మలూ శిల్పాలూ పెట్టిన పెద్ద మ్యూజియం. లోపల బొమ్మల దగ్గర నిలబడి ఫోన్ మాట్లాడితే బాగోదు, సైలెంట్ లో పెట్టి బ్యాగులో పడేస్తా. శుక్ర శనివారాలు రాత్రి 9 దాకా తెరిచుంటుంది. ఒక్కదానివే తిరుగుతున్నావా అని మొదలెట్టకు, రూమ్ లో వాళ్ళంతా వీకెండ్ కి ఎటో ఒకవైపు పోతారు, నేనొక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చునే బదులు అక్కడైతే గోడల మీద చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది, పైగా వెచ్చగా ఉంటుంది. డబ్బులు తగలేస్తున్నా అనుకోకు, న్యూయార్క్ లో చదివేవాళ్ళు ఐడీ చూపించి ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇవ్వచ్చు. ఒక్కోసారి ఒక్క డాలరే ఇస్తా, కౌంటర్ లో వాళ్ళు మొహం కూడా మార్చరు.

జాబ్ కి అప్లై చేస్తూనే ఉన్నా. పిన్నికి కూడా అదే చెప్పు, ఇంకేం చెప్పకు.

మే లో కాన్వొకేషన్ కి మీరొచ్చినప్పుడు మొదట ఆ మ్యూజియంకే తీసుకెళ్తా. బుధవారం మాత్రం మూసేస్తారు, మనం శుక్రవారం పూట సాలార్ జంగ్ కి వెళ్ళి గేటు చూసి వచ్చాం కదా, అలా కాకుండా ముందే చెప్తున్నా. టికెట్ నీకు 30 డాలర్లు, నాన్నకి 65 దాటాయి కాబట్టి 22. రూపాయల్లోకి మార్చి లెక్కేయకు, నేను కడతా. ఎయిర్ పోర్ట్ నుంచి అటే పోదాం అంటున్నారంట నాన్న, కుదరదు, సూట్ కేసులు లోపలికి రానివ్వరు, దాచి కూడా పెట్టరు. కోటు అయితే ఇచ్చి టోకెన్ తీసుకోవచ్చు, తిరుపతిలో చెప్పులిచ్చినట్టే, దానికి డబ్బులేం అడగరు.

నీ హ్యాండ్ బ్యాగ్ గురించే నా భయం. గుమ్మంలోనే తెరిచి చూస్తారు. జంతికలు, పులిహోర డబ్బా తెచ్చుకో, వద్దనను, కానీ లోపల బొమ్మల ముందు తీసి తినకూడదు. బయట పెద్ద మెట్లుంటాయి, ఊరంతా వాటి మీదే కూర్చుని తింటుంది, మనమూ అక్కడే తిందాం. నాన్న సెల్ఫీ స్టిక్ కొన్నారని తమ్ముడు అన్నాడు, అది ఇంట్లోనే ఉంచమను. ఫోటోలు ఎన్నైనా తీసుకోవచ్చు, ఫ్లాష్ మాత్రం వేయకూడదు. వీపుకి తగిలించుకునే బ్యాగు అయితే ముందుకి వేసుకోవాలి, లేదా చేత్తో పట్టుకోవాలి, మనం వెనక్కి తిరిగినప్పుడు దేనికో తగిలిందంటే అంతే కదా.

ఇక ముట్టుకోవడం. నాన్నకి ఏ రాయి కనపడినా అరచేత్తో నిమిరి చూడటం అలవాటు, నాకు తెలుసు. ఒక్క చేత్తో ఏమవుతుంది అంటారు, ఏడాదికి 50 లక్షల మందికి పైగా వస్తారు, అందరి చెమటా నూనే పట్టించుకుంటే రాయైనా పాడవుతుంది. గార్డు వచ్చి కొంచెం వెనక్కి జరగండి అంటే కోపం తెచ్చుకోవద్దని చెప్పు, అందరికీ అలాగే చెప్తారు, మర్యాదగానే చెప్తారు. అక్కడ చోళుల కాలం నాటి పార్వతీదేవి కంచు విగ్రహం ఉందమ్మా, నడుము ఒంపు తిప్పి నిలబడి ఉంటుంది. నువ్వు చూడగానే చెప్పులు విప్పేస్తావు. విప్పక్కర్లేదు, దణ్ణం పెట్టుకో ఎవరూ ఏమీ అనరు, కుంకుమ మాత్రం బ్యాగులోంచి తీయకు. నేనూ పరీక్షల ముందు అక్కడ కాసేపు నిలబడి వచ్చేదాన్ని, నీకు చెప్పలేదు.

నాన్నకి నచ్చేది ఇంకోటుంది. డెండూర్ అని ఈజిప్ట్ గుడి, దాదాపు 2000 ఏళ్ళనాటిది, అస్వాన్ దగ్గర డ్యామ్ కడితే మునిగిపోతుందని రాళ్ళు విప్పి తీశారు, ఆ దేశం వాళ్ళు 1965 లో అమెరికాకి ఇచ్చేశారు, 1978 నుంచి ఇక్కడ ఒక పెద్ద హాల్లో ఉంది. సాగర్ కట్టేటప్పుడు నాగార్జునకొండలో తవ్వినవి కొండ మీదకి చేర్చారని తాతయ్య చెప్పేవాడు కదా, నాకు ఆ గుడి ముందు కూర్చుంటే తాతయ్యే గుర్తొస్తాడు. దాని గోడల మీద 1800ల్లో వచ్చిన ప్రయాణికులు పేర్లు చెక్కుకుని పోయారు, ఉండవల్లి గుహల్లో పేర్లు గీకిన కుర్రాళ్ళని నాన్న తిట్టారు చూడు, వీళ్ళని ఏమంటారో! గుడి ముందు నీళ్ళుంటాయి, కృష్ణ బ్రిడ్జి మీద రైల్లోంచి వేసినట్టు ఇక్కడ రూపాయి బిళ్ళ వేయొద్దని చెప్పు.

అక్కడ వీల్ చైర్ ఊరికే ఇస్తారు. ఆ మాట నేనంటే నాన్న ఫోన్ పెట్టేస్తారు, నువ్వే మెల్లగా చెప్పు. మోకాలు ఎలా ఉందో నువ్వు దాస్తున్నావని నాకు తెలుసు. డాక్టర్ ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు, నేను ఏడవను.

తమ్ముడికి బొమ్మలు గీసే పుస్తకం ఒకటి కొన్నా. మ్యూజియంలో గీయాలంటే పెన్సిలే, పెన్ను పనికిరాదు, వాడి జెల్ పెన్నులు మీతో పంపించకండి. అత్త వాళ్ళమ్మాయి పెళ్ళికి నా పేరు మీద చదివింపు రాయించావా? వీసా ఇంటర్వ్యూ కాగితాలు ఆదివారం మళ్ళీ ఒకసారి చూద్దాం, నాన్న పాస్ పోర్ట్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. శుక్రవారం మాత్రం ఫోన్ చేయకు, రాత్రి రూమ్ కి రాగానే నేనే చేస్తా, అప్పటికి నీకు ఉదయం తొమ్మిదవుతుంది, పూజ కూడా అయిపోతుంది.

నీ
చిన్ని