వార్షిక నివేదిక: ‘వయసైతే అంతే’ అనుకోకుండా ఒక ఏడాది

మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మనం ఒక తీర్మానం చేసుకున్నాం. మిగతా కార్యక్రమాలు ఎట్లా నడిచినా సరే, ఈ ఏడాది మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా మీద గట్టిగా పనిచేయాలని. ఎందుకు చేసుకున్నామో మీకు తెలుసు. కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరైన మన సభ్యుడొకరు పొద్దున పాల ప్యాకెట్ కోసం బయటికెళ్లి, చీకటి పడ్డాక భద్రకాళి చెరువు కట్ట మీద దొరికారు. ఇల్లెక్కడ అని అడిగితే, ఎన్నడో ఖాళీ చేసిన రైల్వే క్వార్టర్ నంబరు చెప్పారు. పెన్షన్ పాస్‌బుక్ బియ్యం డబ్బాలో దొరకడం రెండేళ్ల కిందే మొదలైందని ఆయన భార్య తర్వాత చెప్పింది. అప్పుడే ఒక ఆసుపత్రిలో చూపిస్తే “వయసైతే అంతేనమ్మా” అని పంపించేశారట. ఆ రెండేళ్లు ఆమె ఒక్కతే మోసింది.

దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం, అరవై దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ. కాబట్టి ఇది ఒక ఇంటి గొడవ కాదు.

శిబిరం సంగతి

2025 సెప్టెంబరు 21న, ప్రపంచ అల్జీమర్స్ దినం నాడు (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమే అల్జీమర్స్) జ్ఞాపకశక్తి పరీక్షల శిబిరం పెట్టాం. ఆ రోజే పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య పడింది. తేదీ మార్చమని కొందరన్నారు, మధ్యాహ్నానికల్లా ముగిస్తామని చెప్పి ఒప్పించాం. జ్ఞాపకశక్తి పరీక్షలో మొదటి ప్రశ్న “ఈరోజు తేదీ ఎంత?” బడి ముఖం చూడని ఒక పెద్దమ్మ తేదీ చెప్పలేదు, నెల చెప్పలేదు, సంవత్సరమూ చెప్పలేదు. మార్కులు పోయాయి. కాగితం పక్కన పెడుతుంటే ఆమే అందుకుంది: “ఇయ్యాల పెత్రమాస గదా బిడ్డా. పొద్దుగూకితే ఎంగిలిపూల బతుకమ్మ. జల్ది తోలియ్యుండ్రి, తంగేడు పువ్వు వాడిపోతది.”

ఆమె మతి ఎక్కడా తప్పలేదు. తప్పింది ప్రశ్న. నూరులోంచి ఏడు తీసేస్తూ పో, ఒక వాక్యం రాయి, బొమ్మ చూసి గీయి అంటే పలక పట్టనివాళ్లు ఏం చేస్తారు? ముందే గుర్తించాలని పరుగెత్తి, జబ్బు లేనివాళ్లకు ముద్ర వేస్తే అదీ అన్యాయమే. మన భాషలో పరీక్షలు తయారుచేసే పని జరగలేదని కాదు. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల్లో తెలుగుదీ ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి తేల్చింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువురాని వాళ్లలో కూడా. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే మన ఓరుగల్లు వాళ్లకు ఇది దగ్గరి మాట. మన భాషలో తయారైన ఆ పరీక్షలు పల్లె దవాఖానా దాకా రావాలి.

శిబిరంలో అనుమానం వచ్చిన ఒకావిడకు తర్వాత రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా తక్కువగా ఉంది. మందులు పడ్డాక కొన్ని నెలల్లో మనిషి తేరుకుంది, ఇప్పుడు చీటీ లెక్కలు కూడా తనే చూసుకుంటోంది. థైరాయిడ్, బీ12 లోపం, డిప్రెషన్ కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి. వాటికి వైద్యం ఉంది. అల్జీమర్స్‌ను నయం చేసే మందు లేకపోయినా, ముందే తెలిస్తే బ్యాంకు పనులు, ఆస్తి కాగితాలు ఆ మనిషి మాట వినే చక్కబెట్టుకోవచ్చు. మతిమరుపు ముప్పు పెంచే బీపీ, షుగర్, వినికిడి లోపం గురించి డాక్టరు గారు చెప్పినవి నోటీసు బోర్డులో పెట్టాం, చదవండి. వినికిడి యంత్రం వాడటానికి నామోషీ పడొద్దు.

అర్జీ

మనం ప్రభుత్వానికి ఇచ్చిన అర్జీలో ముఖ్యమైన మాట ఇది. ఆశ వర్కర్లు ఇంటింటికీ తెచ్చే ఆరోగ్య ఫారంలో అరవై దాటినవాళ్ల కోసం ఒక ప్రశ్న ఉంది: దగ్గరివాళ్ల పేర్లు గానీ, సొంత ఇంటి చిరునామా గానీ మర్చిపోతున్నారా? అంటే ప్రభుత్వం అడగాల్సింది ముందే అడుగుతోంది. “అవును” అని టిక్ పడితే ఏఎన్ఎంకు చెప్పాలని కూడా ఉంది. మేం కోరింది ఆ తర్వాతి దారి. ఆ టిక్ పడ్డ మనిషికి పీహెచ్‌సీలో రక్తపరీక్షలు, అక్కడి నుంచి పెద్దాసుపత్రిలో వారానికి ఒక పూట మతిమరుపు ఓపీ, తిరిగి ఇంటికొచ్చాక ఆశ వర్కర్ పలకరింపు. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. వృద్ధుల ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం 2010-11 నుంచే ఉంది. కేరళ ‘స్మృతిపథం’ పేరుతో డిమెన్షియా రోగులకు పగటి సంరక్షణ కేంద్రం నడుపుతోంది. మన జిల్లాలోనూ అలాంటిది ఒకటి కావాలని రాశాం. అర్జీని కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో ఇచ్చాం, రసీదు ఆఫీసు ఫైల్లో ఉంది.

మేడారం బస్సు, ఉగాది పచ్చడి, యోగా క్లాసులు ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు ఆడిట్ కాగితంతో విడిగా పంపాం.

చూసుకునేవాళ్ల కూటమి

ఈ ఏడాది చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది ఇదే. నెలకోసారి, రోగిని చూసుకునేవాళ్లు మాత్రమే వచ్చి కూర్చుంటారు. ఎక్కువమంది భార్యలు, కోడళ్లు. మొదటి నెల ఎవరూ నోరు విప్పలేదు. రెండోసారి ఒక కోడలు “మామయ్య నన్ను దొంగ అంటున్నాడు” అని ఏడ్చేసరికి పక్కనున్న ముగ్గురూ “మా ఇంట్లో కూడా” అన్నారు. అది జబ్బు మాట, మనిషి మాట కాదని అక్కడ ఒకరికొకరు చెప్పుకున్నారు. రాత్రిపూట టెన్షన్ తట్టుకోలేనప్పుడు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు, వృద్ధులకు సంబంధించిన సాయం కోసం ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు. రెండూ ఉచితమే.

రైల్వే పెద్దాయన చొక్కా జేబులో ఇప్పుడు చిరునామా, కొడుకు ఫోన్ నంబరు రాసిన కార్డు ఉంటుంది. ఆదివారం సాయంత్రం మన ఆఫీసుకు వచ్చి క్యారమ్స్ దగ్గర కూర్చుంటారు. పేర్లు గుర్తుండవు గానీ స్ట్రైకర్ చేతికిస్తే గురి తప్పదు. ఆయన భార్య బ్యాంకుకో, గుడికో వెళ్లొచ్చే ఆ రెండు గంటలు పక్కన ఉండటానికి ఇప్పటికి నలుగురు సభ్యులు వంతులు వేసుకున్నారు. ఇంకో ఇద్దరు కావాలి. వీలున్నవాళ్లు పేరు ఆఫీసులో రాయించండి.

– కార్యదర్శి, హనుమకొండ