ఆరబెట్టే చోటు లేని పంట ప్రణాళిక

సంపాదకులకు నమస్కారం.

వచ్చే ఏడాది బడ్జెట్ కోసం జిల్లాల నుంచి వ్యవసాయ ప్రతిపాదనలు హైదరాబాద్‌కు చేరే రోజులివి. ఎన్ని ఎకరాలకు నీళ్లు, ఎంత విత్తనం, ఎంత ఎరువు, ఎన్ని టన్నుల దిగుబడి అన్న లెక్కలు ఆ కాగితాల్లో వివరంగానే ఉంటాయి. కోసిన పంట ఎక్కడ ఆరాలి, ఎక్కడ నిల్వ ఉండాలి, చివరికి ఎవరి కంచంలోకి చేరాలి అన్నది మాత్రం ఆఖరి పేజీలో రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. ఈసారి ప్రణాళికను ఆ ఆఖరి పేజీ నుంచే రాయడం మొదలుపెట్టాలని మా విన్నపం.

2024 వానాకాలంలో తెలంగాణలో 66.77 లక్షల ఎకరాల్లో 153 లక్షల టన్నుల వడ్లు పండాయని ప్రభుత్వం ప్రకటించింది. గర్వించాల్సిన సంగతే. ఇదే రాష్ట్రంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. తాగునీరు, పారిశుద్ధ్యం, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం వంటి కారణాలు ఇందులో ఉన్నాయి. అయితే బియ్యం దొరక్క వచ్చిన పరిస్థితి మాత్రం కాదు. కంచంలో అన్నం పక్కన ఉండాల్సినవి చాలడం లేదు. అందుకే ఆహార భద్రత పేరుతో పెట్టే ప్రతి రూపాయికీ రెండు ప్రశ్నలు వేయాలి: పండినది ఎంత మిగులుతోంది? మిగిలినదాంట్లో అన్నం కానిది ఎంత?

ముందు వడ్ల సంగతి. కొడవలితో కోసిన రోజుల్లో పనలు రెండు మూడు రోజులు పొలంలోనే ఆరేవి. తర్వాత కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చేవారు. తేమ ఆ దారిలోనే దిగిపోయేది. ఇప్పుడు హార్వెస్టర్ 22 నుంచి 24 శాతం తేమ మీద కోస్తుంది. గింజ నేరుగా ట్రాలీలో పడి కొనుగోలు కేంద్రానికి వస్తుంది. నెల పట్టే కోతలు ఊరంతటికీ పది రోజుల్లో అయిపోతున్నాయి. కేంద్రంలో కాంటా వేయాలంటే తేమ 17 శాతం దాటకూడదు. 24కూ 17కూ మధ్య ఉన్న ఆ ఏడు పాయింట్ల తేమను ఎవరు, ఎక్కడ, ఏ ఖర్చుతో తీయాలన్నది ఏ శాఖ పద్దులోనూ కనిపించదు. హార్వెస్టర్లు వచ్చి కూలీల కొరత తీర్చాయి. కానీ పొలంలో జరిగే ఆరబెట్టే పనిని అవి కేంద్రం వాకిట్లోకి తెచ్చి పడేశాయి. వాకిలి మాత్రం పెరగలేదు.

24 శాతం తేమ ఉన్న క్వింటాల్ వడ్లు 17 శాతానికి దిగాలంటే 8.4 కిలోల నీరు పోవాలి. నాలుగు టన్నుల ట్రాలీలో ఆ లెక్కన 330 కిలోలకు పైగా నీరుంటుంది. మబ్బు పట్టిందని రైతు సాయంత్రం వడ్లను కుప్ప చేసి పరదా కప్పుతాడు. తెల్లారి పరదా ఎత్తి చూస్తే దాని లోపలి వైపు నీటి బొట్లు వేలాడుతుంటాయి. కుప్పలోకి మోచేతి దాకా చేయి పెడితే వెచ్చగా తగులుతుంది, పులిసిన వాసన వస్తుంది. పచ్చి గింజ ఊపిరి తీసుకుంటూ వేడి పుట్టిస్తుంది. ఆ వేడికి బూజు తోడై గింజ పసుపు తిరుగుతుంది. అలాగే కప్పి ఉంచితే మొలక వస్తుంది. పాడైన, రంగు మారిన, మొలకెత్తిన, పుచ్చిన గింజలన్నీ కలిపి 5 శాతం మించితే నాణ్యతా ప్రమాణాలకు ఆగవు. కింద మట్టి నేల అయితే అడుగు నుంచి కూడా తడి ఎక్కుతుంది. అప్పుడు పైన ఎంత మంచి పరదా ఉన్నా లాభం లేదు.

యాసంగిలో ఇబ్బంది మరోలా ఉంటుంది. ఏప్రిల్, మే ఎండలకు గింజ లోపల సన్నటి పగుళ్లు వచ్చి మరలో నూక అవుతుంది. క్వింటాల్ వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం లెక్క తేల్చాల్సిన మిల్లరు అందుకే, ఉడికిన గింజ అంతగా విరగదు కనుక, వడ్లను ఉడకబెట్టి ఆడించే ఉప్పుడు బియ్యం వైపు మొగ్గుతాడు. 2021-22లో కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య నడిచిన ఉప్పుడు బియ్యం వివాదానికి మూలం ఈ పగులులోనే ఉంది. యాసంగి నారు నవంబరులో పోసుకుని మార్చి ఆఖరుకు కోతలు ముగిస్తే పగుళ్లూ తగ్గుతాయి, వడగళ్ల భయమూ తగ్గుతుంది. అందుకు కావాల్సిన పెట్టుబడి పెద్దది కాదు. కాలువ నీళ్ల విడుదల తేదీని అక్టోబరులోనే ప్రకటించి, దానికి కట్టుబడితే చాలు.

ఇక స్థలం. వడ్లను 5 సెంటీమీటర్ల మందాన పరిస్తే చదరపు మీటరుకు దాదాపు 28 కిలోలు పడతాయి. ఎకరానికి 25 క్వింటాళ్లు పండితే 90 చదరపు మీటర్ల కల్లం కావాలి. ఒక కేంద్రానికి జోరు మీద రోజుకు 150 టన్నులు వస్తూ, ప్రతి లాటూ ఆరడానికి రెండు రోజులు పట్టిందనుకుందాం. ఒకేసారి 300 టన్నులు పరచాలి, అంటే రెండున్నర ఎకరాలకు పైగా గచ్చు కావాలి. అది లేకనే వడ్లు రోడ్డెక్కుతున్నాయి. రాత్రిపూట ఆ కుప్పలను గుద్దుకుని బైకుల మీద వెళ్లేవాళ్లు పడిపోతున్నారు. ఉపాధి హామీ నిధులతో కట్టిన కల్లాల మీద 2022లో కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య వచ్చిన తగాదా ఎలా ఉన్నా, అవసరం మాత్రం తగ్గలేదు.

కల్లం కడితే సరిగా కట్టాలి. నేల మట్టానికి అడుగున్నర ఎత్తున లేపి, వంద అడుగులకు ఒక అడుగు వాటం ఇచ్చి, చుట్టూ కాలువ తీయాలి. వాటం లేని గచ్చు మీద వాన నీరు మడుగు కట్టి, మట్టి నేల కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. కాంక్రీటును పెద్ద పలకగా పోయకుండా మూడు మీటర్లకోసారి జాయింటు ఇచ్చి తారుతో నింపాలి. లేకపోతే రెండో ఎండాకాలానికే పగిలి, గింజలు ఆ సందుల్లో ఇరుక్కుంటాయి, పురుగు అక్కడే కాపురం పెడుతుంది. చెట్టు నీడా, గోడ నీడా పడని చోటు చూడాలి.

వేడి గాలితో వడ్లను ఆరబెట్టే డ్రయ్యర్ కొంటే అన్నీ తీరిపోతాయన్న నమ్మకమూ సరి కాదు. పది టన్నుల బ్యాచ్ డ్రయ్యర్ గంటకు ఒక పాయింటుకు అటూఇటూ తేమ తీస్తుంది. ఏడు పాయింట్లు తీయడానికి ఏడెనిమిది గంటలు, నింపడానికీ ఖాళీ చేయడానికీ మరికొంత సమయం కలుపుకుంటే రోజుకు రెండు బ్యాచ్‌లు, 20 టన్నులు. 150 టన్నులు వచ్చే కేంద్రానికి అది దాదాపు ఏడో వంతు. కాబట్టి డ్రయ్యర్‌ను వాన రోజు వడ్లను కాపాడే యంత్రంగా చూడాలి. కల్లానికి బదులుగా చూడకూడదు. వేడి పెంచి తొందరగా దింపాలని చూస్తే గింజ పగిలి నూక పెరుగుతుంది. విత్తనపు వడ్లకైతే 43 డిగ్రీలు దాటకూడదు, దాటితే మొలక చస్తుంది.

డ్రయ్యర్లు మూలన పడటానికి అసలు కారణం ఇంధనం. టన్ను వడ్ల నుంచి 84 కిలోల నీరు తీయడానికి 10 నుంచి 12 లీటర్ల డీజిల్ పడుతుంది. అంటే క్వింటాల్‌కు వంద రూపాయలకు అటూఇటూ. ఆ డబ్బు ఎవరిస్తారో రాయకుండా యంత్రం మాత్రం పంపితే అది పరదా కింద తుప్పు పడుతుంది. అదే పనికి ఊక పొయ్యి అయితే 40, 50 కిలోల ఊక చాలు. టన్ను వడ్లు ఆడిస్తే 200 కిలోల ఊక వస్తుంది. అందువల్ల డ్రయ్యర్లను మిల్లులకు దగ్గరి కేంద్రాల్లో, ఊక పొయ్యితో పెట్టడం మేలు. ఆపరేటరు జీతం, బేరింగులు, బెల్టుల మార్పిడి కోసం కొన్న ధరలో ఏటా 4, 5 శాతం పక్కన పెట్టని ప్రతిపాదనను వెనక్కి పంపేయాలి.

ఆరబెట్టే ఖర్చు భారమనే అధికారులు ఇంకో లెక్క కూడా చూడాలి. 40 కిలోల బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తే క్వింటాల్‌కు అయిదు కిలోలు. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర 2,369 రూపాయలు. దాని ప్రకారం రైతుకు పోయేది 118 రూపాయలు. ఆరబెట్టడానికి సరిపడే సొమ్ము ఇప్పటికే రైతు నుంచి పోతోంది. ఆరబెట్టే పని మాత్రం జరగడం లేదు. తేమ కొలిచే యంత్రాలను సీజనుకు ముందు ఒకేచోట సరిచూసి ముద్ర వేయాలి. కుప్ప పైన గుప్పెడు తీసి చూస్తే సాధారణంగా తక్కువే చూపిస్తుంది. అయిదు చోట్ల, లోపలి నుంచి తీసి, కలిపి, మూడుసార్లు చూసి సగటు రాయాలి. ఆ సంఖ్యను రైతు చీటీ మీద వేస్తే మిల్లు దగ్గర మళ్లీ కోత పెట్టడానికి వీలుండదు.

రెండో ప్రశ్న పప్పు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 85 గ్రాముల పప్పులు, గుడ్లు లేదా మాంసం ఉండాలంది. మన రేషన్‌లో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. దాని పక్కన కార్డుకు నెలకు కిలో కందిపప్పు ఇవ్వాలంటే ఎంత పండాలి? 15 వేల కార్డులున్న మండలానికి ఏడాదికి 180 టన్నుల పప్పు కావాలి. క్వింటాల్ కందులకు 72 కిలోల పప్పు వస్తుందనుకుంటే 250 టన్నుల కందులు. ఎకరానికి నాలుగు క్వింటాళ్లు వేసుకున్నా 625 ఎకరాలు చాలు. ఒక మండలానికి ఇది అందని లెక్క కాదు. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది వేసే పద్ధతి మన రైతులకు కొత్త కాదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

వడ్లను కొంటారన్న నమ్మకం ఉంది కనుక రైతు వరి వేస్తున్నాడు. కందికీ అదే నమ్మకం కలగాలి. కంది, మినుము, మసూరు పంటలను మద్దతు ధరకు పూర్తిగా కొంటామని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. 2025-26లో కంది మద్దతు ధర 8,000 రూపాయలు. అయితే కొన్న కందులు నిలవాలి. పుచ్చు పురుగు గుడ్లు చేలోనే కాయ మీద పడతాయి, పంటతోపాటే గోదాములోకి వస్తాయి. తేమను 12 శాతం లోపుకు దించి, మూడు పొరల గాలిచొరని సంచుల్లో మూతి బిగించి కడితే లోపలి ప్రాణవాయువు అయిపోయి పురుగు చస్తుంది. సంచికి సూది మొనంత రంధ్రం పడినా ఫలితం ఉండదు కనుక హమాలీలు కొక్కేలు వాడకూడదు. అంతకంటే మంచి ఉపాయం త్వరగా పప్పు చేయడం. పొట్టు తీసి బద్ద చేసిన కందికి ఈ పురుగు అంతగా పట్టదు. మండలానికొక చిన్న పప్పు మిల్లును మహిళా సంఘాలకు అప్పగిస్తే పొట్టు, పొడి పశువుల దాణాకు పనికొస్తాయి.

మనలాంటి ఇతర దేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. 2003లో మొజాంబిక్ రాజధాని మపుటోలో ఆఫ్రికా దేశాధినేతలు బడ్జెట్‌లో 10 శాతం వ్యవసాయానికి ఇస్తామని మాట ఇచ్చారు. చాలా దేశాలు ఆ గీత అందుకోలేదు. 2014లో ఈక్వటోరియల్ గినీలోని మలాబోలో సమావేశమైనప్పుడు కోత తర్వాతి నష్టాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యాన్నీ చేర్చారు. ఆ మొజాంబిక్ నుంచే మన దేశం కందులు దిగుమతి చేసుకుంటోంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న సందేహానికి కొంత జవాబుంది. 2020లో లక్ష కోట్ల రూపాయలతో మొదలైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా రుణంపై ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. సహకార సంఘాలు, రైతు సంఘాలు, మహిళా సంఘాలు అర్హులే. చిక్కు అంతా కిస్తీల దగ్గర వస్తుంది. వడ్లు కొన్నందుకు సంఘానికి ప్రభుత్వం ఇచ్చే కమీషన్ ఆలస్యమైతే సంఘం కిస్తీ తప్పుతుంది, తర్వాత బ్యాంకు మొహం చూడదు. కమీషన్‌ను సీజను ముగిసిన నెలలోపు చెల్లించే ఏర్పాటు లేకుండా సంఘాల మీద రుణం మోపకూడదు. రైతు భరోసా కింద ఎకరానికి ఏటా ఇచ్చే 12 వేలు రైతుకు అందాల్సినవే. ఒక్కొక్కరి చేతిలో పడిన ఆ సొమ్ముతో ఊరి కల్లం మాత్రం లేవదు. దానికి వేరే పద్దు కావాలి.

జిల్లా ప్రతిపాదనల నమూనాలో ఈసారి మండలం వారీగా నాలుగు గడులు చేర్చమని వ్యవసాయ, పౌరసరఫరాల శాఖలను కోరుతున్నాం. జోరు రోజున వచ్చే వడ్లు ఎన్ని టన్నులు, ఆ రోజుకు ఉన్న గచ్చు, డ్రయ్యర్ సామర్థ్యం ఎంత, మండలానికి కావాల్సిన పప్పు ఎంత, అక్కడ పండి అక్కడే నిల్వ అయ్యేది ఎంత. ఈ నాలుగూ నింపని మండలానికి కొత్త పనులు మంజూరు చేయకుండా, నింపిన పట్టికను కోతలకు నెల ముందే ప్రతి కొనుగోలు కేంద్రం గోడ మీద అంటించాలి.

ఇట్లు,
పంట కోత అనంతర రంగంలో పనిచేసే ఇద్దరు ఇంజినీర్లు,
రాజేంద్రనగర్, హైదరాబాద్