మా ఇంటికి వచ్చిన కొత్త మనిషి, అదే, కుక్క

అందరికీ నమస్కారం. బి బ్లాక్ మూడో ఫ్లోర్ నుంచి.

ఆదివారం షెల్టర్ నుంచి ఒక కుక్కను తెచ్చుకున్నాం. పేరు చిట్టి, ఆడది, మూడేళ్లు, మన నాటు జాతే. "చిన్న పిల్లను తెచ్చుకోవచ్చుగా?" అని నిన్న లిఫ్ట్‌లో ఇద్దరు అడిగారు. పిల్లయితే పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పలేం. దీని సంగతి ముందే తెలుసు: మనుషులంటే ప్రాణం, పిల్లి కనబడితే ఆగదు, కూర్చోమంటే రెండు సెకన్లు కూర్చుంటుంది.

హుషారు మాత్రం మామూలుగా లేదు. మొదటి రోజే మావారి చెప్పు ఒకటి, సగం డోర్‌మ్యాట్ అయిపోయాయి. పొద్దున ఐదున్నరకి, రాత్రి తొమ్మిదికి ముప్పావుగంట నడిపిస్తున్నాం. అంతకన్నా బాగా పనిచేసింది పాత తువ్వాలు. అందులో దాని తిండి గింజలు చుట్టి, వదులుగా ముడేసి ఇస్తే, వాసన పట్టి విప్పుకునేసరికి అలిసిపోయి పడుకుంటుంది.

రేబిస్ టీకా వేశారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయింది. చెవి కొస కత్తిరించినట్టు ఉన్నది దెబ్బ కాదు, ఆ ఆపరేషన్ గుర్తే.

పిల్లలకు ఒక్క మాట చెప్పండి. దాన్ని చూసి అరుస్తూ పరిగెత్తొద్దు, ఆటనుకుని వెంటపడుతుంది. నిలబడితే చాలు, అదే వచ్చి వాసన చూస్తుంది. భయపడేవాళ్లు లిఫ్ట్‌లో ఉంటే మేం తర్వాత వస్తాం, మొహమాటపడకుండా చెప్పండి. కొత్త చోటు కదా, కొన్నాళ్లు మొరుగుతుంది, కాస్త ఓపిక పట్టండి.

పాత తువ్వాళ్లు ఉంటే పారేయకండి, మాకివ్వండి. మావి అయిపోవచ్చాయి.