సెట్‌ర్యాండమ్ పోయినందుకు

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్‌లో మన మాట సగంలోనే ఆగిపోయింది. "నడుస్తున్న స్క్రిప్టును చెడగొట్టే హక్కు వాళ్లకెక్కడిది?" అన్నావు చూడు, అది ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

పీజీబెంచ్ అంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎంత వేగంగా పనిచేస్తుందో కొలిచే సాధనం కదా. ర్యాండమ్ సంఖ్యను వేరియబుల్‌లో పెట్టే సెట్‌ర్యాండమ్ కమాండ్‌ను దాన్ని తయారుచేసేవాళ్లు 2016లో, 9.6 వెర్షన్‌లో తీసేశారు. అప్పుడు నా స్క్రిప్టులన్నీ ఒక్కసారిగా మొరాయించాయి. నాకూ ఒళ్లు మండింది. కానీ వాటిని మార్చడానికి కూర్చున్నాక నా అభిప్రాయమే మారిపోయింది.

పాత పద్ధతి గుర్తుందా? సెట్‌ర్యాండమ్‌కి లెక్కలు రావు. సంఖ్యో వేరియబులో చేతికిస్తేనే తీసుకునేది. అందుకని ఖాతా నంబర్ కావాలంటే ముందు స్కేల్‌ను (టెస్ట్ డేటా ఎంత పెద్దదో చెప్పే అంకె) లక్షతో గుణించి ఒక వేరియబుల్‌లో పెట్టుకోవాలి, ఆ తర్వాతి లైన్లలో దాన్ని వాడుకోవాలి. టెల్లర్లకీ బ్రాంచీలకీ మళ్లీ అదే తంతు. బ్యాంకు లావాదేవీల్ని అనుకరించే టీపీసీ-బీ తరహా స్క్రిప్టులో అసలు పని మొదలవకముందే ఏడు లైన్లు అయిపోయేవి. ఇప్పుడు సెట్‌లోనే ర్యాండమ్ ఫంక్షన్‌ను పిలిచి, ఒకటి నుంచి లక్ష ఇంటూ స్కేల్ వరకు అని బ్రాకెట్లలో రాసేస్తాం. నాలుగు లైన్లు, అంతే. సంఖ్యలు మధ్యలో ఎక్కువగా పడే గౌసియన్ కావాలన్నా, ఒక చివర ఎక్కువగా పడే ఎక్స్‌పొనెన్షియల్ కావాలన్నా ఫంక్షన్ పేరు మారుతుంది, ఒక పరామితి అదనంగా ఇవ్వాలి.

"రెండూ ఉంచితే ఏం పోయింది?" అంటావు. రెండూ ఉంటే రెండిటినీ ఎప్పటికీ టెస్ట్ చేస్తూ ఉండాలి మామా. జనం కూడా పాత స్క్రిప్టు నుంచే కాపీ కొట్టుకుంటారు, కొత్తది ఎవరికీ అలవాటే కాదు.

నాకు నిజంగా భయం వేసేది వేరే రకం మార్పు. పేరు అదే ఉంచి, లోపల అర్థం మార్చేశారనుకో. ర్యాండమ్ సంఖ్యలు కొద్ది వరుసల మీదే పడుతుంటే, అందరూ వాటినే అప్‌డేట్ చేయబోయి ఒకరు లాక్ వదిలేదాకా ఇంకొకరు ఆగుతారు. ఎర్రర్ ఏదీ రాదు, టీపీఎస్ (సెకనుకు జరిగే లావాదేవీల సంఖ్య) మాత్రం పడిపోతుంది. మనం డేటాబేస్‌ను తిట్టుకుంటూ కూర్చుంటాం. అలాంటి మార్పు వస్తే నీకంటే ముందు నేనే గొడవకు దిగుతా. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే స్క్రిప్టును పది నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. తప్పు అంకెను నమ్మి సర్వర్ కొనేశాక ఏం చేస్తాం చెప్పు?

ఇంకోటి, సెమికోలన్ సంగతి. 9.6కి ముందు లైను అయిపోతే కమాండ్ అయిపోయినట్టే. ఇప్పుడు వరుసగా వచ్చే ఎస్‌క్యూఎల్ కమాండ్ల మధ్య సెమికోలన్ ఉండాల్సిందే. రెండు వెర్షన్లలోనూ నడవాలంటే ఒక్కో కమాండ్‌ను ఒక్కో లైనులో రాసి, చివర సెమికోలన్ పెట్టు. డాక్యుమెంటేషన్‌లోనూ అదే రాశారు.

నీ పాత స్క్రిప్టులు పంపించరా, ఆదివారం మార్చి ఇస్తా. రెండు సర్వర్లను పోల్చేటప్పుడు మాత్రం రెండిటి మీదా ఒకే వెర్షన్ పీజీబెంచ్ నడుపు. ఏ అంకెలు వచ్చాయో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

నీ
మామ