అది ట్యాంకు కాదు, హాఫ్‌ట్రాక్

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో జర్మనీ మ్యూజియంలోని ఒక పాత మిలిటరీ బండి ఫొటో వేసి, కింద ‘హిట్లర్ కాలం నాటి ట్యాంకు’ అని రాశారు. అది ట్యాంకు కాదండీ. ముందు రెండు టైర్లు, వెనక చైన్లు ఉన్న ఆ బండిని హాఫ్‌ట్రాక్ అంటారు.

ఇంత చిన్న విషయానికి ఉత్తరమా అనుకోకండి. మాది బల్లార్‌పూర్. మా మనవడు మరాఠీ స్కూల్లో చదువుతున్నాడు. వాడికి తెలుగు చదవడం వచ్చిందంటే మీ పేపరు పుణ్యమే. ఫొటోల కింద రాసింది కూడబలుక్కుని చదివి, కొత్త మాటలు నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటాడు. ఆ రోజు ‘ట్యాంకు’ అని రాసి పక్కన బొమ్మ వేశాడు. వేశాక వాడికే అనుమానం వచ్చింది: “తాతా, ట్యాంకుకి టైర్లుంటాయా?”

రాజురా వైపు బొగ్గు గనుల్లో నేను 31 ఏళ్లు చైన్ డోజర్ మెకానిక్‌గా పనిచేశాను. పోయినేడు జర్మనీలో ఉండే అమ్మాయి దగ్గరికి, హనోవర్ వెళితే, అల్లుడు మున్‌స్టర్‌లోని ట్యాంకుల మ్యూజియం చూపించాడు. అక్కడ ఇదే రకం బండి ఉంది. అందరూ తుపాకుల దగ్గర ఫొటోలు దిగుతుంటే నేను చైన్ దగ్గర గొంతుక్కూర్చున్నాను. చక్రాలు కూన పెంకుల్లా ఒకదాన్నొకటి సగం కప్పుకుని ఉన్నాయి. చైన్ లింకులకు రబ్బరు ప్యాడ్లు, పిన్నుల్లో బేరింగులు, గ్రీజుకు విడిగా జాగా. మా డోజరు గంటకు 10 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. ఎనిమిది టన్నుల ఈ బండి రోడ్డు మీద 50 పైనే పోయేదట. స్టీరింగ్ కొంచెం తిప్పితే ముందు టైర్లు మాత్రమే తిరుగుతాయి, ఇంకా తిప్పితే ఆ వైపు చైన్‌కు బ్రేకు పడుతుంది. ముందు టైర్లకు ఇంజను పవర్ ఉండదు.

కానీ లోపలి చక్రం ఒకటి చెడితే దాని మీదున్న పై చక్రాలన్నీ విప్పాల్సిందే. రష్యా చలిలో చక్రాల మధ్య ఇరుక్కున్న బురద రాత్రికి గడ్డకట్టి, తెల్లారేసరికి బండ్లు కదిలేవి కావు. ఇది నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వానాకాలంలో మా డోజరు చైన్ లోపల తిరిగే రోలర్ల మధ్య రేగడి మట్టి దిగి, రెండు రోజులు ఎండ కాస్తే రాయైపోయేది. గడ్డపారతో పొడిచి పొడిచి చేతులు బొబ్బలెక్కేవి.

ట్యాంకుకు పైన గుండ్రంగా తిరిగే టరెట్ అనే ఇనుప గది, దానికి పెద్ద గన్ను ఉంటాయి. దీనికి పైకప్పే లేదు. పక్క రేకు 8 మిల్లీమీటర్లు. ట్యాంకుల వెంట పదిమంది సిపాయిల్ని మోసుకెళ్లడం దీని పని. 1939 నుంచి 1945 దాకా 15,000కు పైగా చేశారు. యుద్ధం తర్వాత చెకోస్లోవేకియా ఇదే ఆకారంలో ఓటీ-810 అని చేసింది. వాటికి జర్మన్ రంగు వేసి చూపించడమూ ఉంది కాబట్టి, ఫొటో వేసేటప్పుడు అదీ సరిచూసుకోవాలి.

ఆ బండిని పొగడమని నేను అడగడం లేదు. ఈ రకం బండ్ల తయారీకి పేరుపడ్డ హనోవర్‌లోని హానోమాగ్ ఫ్యాక్టరీలో యుద్ధం చివర నిర్బంధ శిబిరం ఖైదీలతో చాకిరీ చేయించారు. మా అమ్మాయి ఉండే ఊరే అది. బండి ఎలా నడిచేదో, ఎవరి చెమటతో ఆ ఫ్యాక్టరీ నడిచిందో రెండూ రాయండి. నాలుగు లైన్లు చాలు.

సరిహద్దు జిల్లాల్లో మరాఠీ స్కూళ్లకు వెళ్లే మావాడిలాంటి పిల్లలకు మీ పేపరే తెలుగు వాచకం. దయచేసి సవరణ వేయండి. మావాడు నోట్‌బుక్‌లో ‘ట్యాంకు’ కొట్టేశాడు. హాఫ్‌ట్రాక్ అని నేను చెబితే సరిపోదట, పేపర్లో చూసి రాసుకుంటానని ఆ గీత ఖాళీగా ఉంచాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డోజర్ మెకానిక్,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర