ఊపిరితిత్తులకు పాకిందంటే దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్య పేజీలో పెద్దపేగు క్యాన్సర్ మీద వచ్చిన వ్యాసం చదివాను. రక్తం పడుతుంటే మొలలే అనుకుని ఏళ్ల తరబడి ఆయింట్‌మెంట్లు రాసుకోవద్దని, కొలనోస్కోపీ చేయించుకోమని బాగా చెప్పారు. కానీ చివర్లో, ఊపిరితిత్తులకు పాకితే ఇక చేసేదేమీ ఉండదని ఒక్క వాక్యంతో తేల్చేశారు. ఆ వాక్యం తప్పు, దయచేసి సవరించండి. మా అక్కకు పెద్దపేగు చివరి భాగమైన మలాశయంలో క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి, ఇప్పుడు చికిత్స నడుస్తోంది. ఇలాంటి ఇళ్లు ఇంకా ఎన్నో ఉంటాయి, వాళ్లూ మీ పేపర్ చదువుతారు.

అక్క సంగతి తెలియగానే, బీడీ పొగ కూడా గిట్టని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడానా అని చుట్టాలంతా ఏడ్చారు. అది ఊపిరితిత్తుల క్యాన్సర్ కాదు. పేగు క్యాన్సర్ కణాలే వెళ్లి అక్కడ చేరాయి, వాడే మందులూ పేగు క్యాన్సర్‌వే. పెద్దపేగు నుంచి రక్తం ముందు కాలేయానికి వెళ్తుంది కాబట్టి ఈ జబ్బు ఎక్కువగా మొదట అక్కడికే పాకుతుంది. మలాశయం కింది భాగం నుంచి మాత్రం కొంత రక్తం కాలేయాన్ని తాకకుండా గుండెకు, అక్కడి నుంచి నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది. అందుకే కాలేయంలో ఏమీ లేకుండానే ఛాతీలో మచ్చలు రావచ్చు.

మనది టీబీ ఎక్కువగా ఉన్న దేశం. సీటీలో కనిపించిన ప్రతి మచ్చా క్యాన్సర్ కానక్కర్లేదు, ఎప్పుడో వచ్చి మానిపోయిన టీబీ గుర్తు కావచ్చు, పెట్ స్కాన్‌లో టీబీ కూడా క్యాన్సర్ లాగే వెలుగుతుంది. క్యాన్సర్‌ని టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగించడమూ జరుగుతుంది. అనుమానంగా ఉంటే సూదితో చిన్న ముక్క తీసి చూడమని, అది కుదరకపోతే కొన్ని వారాలాగి మళ్లీ సీటీ తీసి పెరిగిందో లేదో పోల్చమని డాక్టర్‌ని అడగొచ్చు. అడిగితే కోప్పడతారేమో అని చాలామంది అడగరు. అడగాలి.

ఇక చికిత్స. మచ్చలు కొన్నే ఉండి, అన్నీ తీయడానికి వీలుగా ఉండి, పేగులో అసలు గడ్డ అదుపులో ఉండి, మిగిలే ఊపిరితిత్తులు మనిషికి సరిపోతాయనుకుంటే ఛాతీ సర్జన్ వాటిని ఆపరేషన్ చేసి తీస్తారు, చాలాసార్లు చిన్న కోతలతో కెమెరా పెట్టి. ఇలా చూసి ఎంచుకుని ఆపరేషన్ చేసినవాళ్లలో దాదాపు సగం మంది ఐదేళ్లు దాటి బతికారని పలు దేశాల ఆసుపత్రుల లెక్కలు చెబుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఆ బతుకంతా ఆపరేషన్ చలవేనా అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఆపరేషన్ చేసినవాళ్లనీ చేయనివాళ్లనీ పోల్చి చూడడానికి బ్రిటన్‌లో పుల్మిక్ అనే ట్రయల్ పెట్టారు, సరిపడా రోగులు చేరక అది ముందే ఆగిపోయింది, కానీ అందులో ఆపరేషన్ చేయించుకోనివాళ్లు కూడా డాక్టర్లు అనుకున్నదానికంటే ఎక్కువకాలమే బతికారు. అంటే ఎటు చూసినా మీ వ్యాసంలో రాసినంత చీకటి లేదు. కోత తట్టుకోలేనివాళ్లకు మచ్చ మీదికే గురిపెట్టి కొద్ది రోజుల్లో ముగించే ఎస్‌బీఆర్‌టీ రేడియేషన్ ఉంది, సూది గుచ్చి వేడితో మాడ్చే పద్ధతీ ఉంది. రకరకాల క్యాన్సర్లు కొద్ది చోట్లకే పాకిన 99 మందితో చేసిన సేబర్-కామెట్ ట్రయల్‌లో, ఈ రేడియేషన్ కూడా ఇచ్చినవాళ్లలో ఐదేళ్లకు 42 శాతం మంది బతికుంటే, ఇవ్వనివాళ్లలో 18 శాతం.

మచ్చలు తీయలేనన్ని ఉంటే కీమోనే. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక చల్లని నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కరెంట్ కొట్టినట్టు జివ్వుమంటాయి, క్యాపెసిటాబిన్ మాత్రలకు అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడుతుంది. కష్టమే. అయినా ఇప్పటి మందులతో ట్రయల్స్‌లో సగం మందికి దాదాపు రెండున్నరేళ్ల ఆయుష్షు దొరికింది, కొందరిలో మచ్చలు కుంచించుకుపోయి తర్వాత ఆపరేషన్‌కి వీలయింది. అన్నీ విని, అర్థం చేసుకుని, ఇక చాలు నొప్పి తెలియకుండా చూడండి అని రోగి అంటే అది వాళ్ల హక్కు, దాన్ని గౌరవించాలి. కానీ చాలా ఇళ్లలో ఆ నిర్ణయం రోగికి చెప్పకుండా వరండాలో నిలబడి మిగతావాళ్లు తీసేసుకుంటున్నారు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది జన్యు పరీక్షల సంగతి. ఈ దశలో మందు మొదలుపెట్టే ముందే గడ్డ ముక్కలో ఆర్ఏఎస్, బీఆర్ఏఎఫ్ అనే జన్యువుల్లో మార్పులున్నాయా, డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దుకునే శక్తి కణాల్లో పోయిందా (ఎంఎస్ఐ పరీక్ష) అని చూడాలి. వందలో నలభై మందికి పైగా ఆర్ఏఎస్ మార్పు ఉంటుంది, వాళ్లకు సెటుక్సిమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ పనిచేయదు, ఇస్తే లక్షలు పోవడం తప్ప ఒరిగేది లేదు. ఆ శక్తి పోయిందని తేలేది, అంటే ఎంఎస్ఐ-హై వచ్చేది నూటికి ఐదుగురికే కావచ్చు, కానీ ఆ ఐదుగురికి దారే వేరు. 307 మందితో చేసిన కీనోట్-177 ట్రయల్‌లో ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి మళ్లించే పెంబ్రోలిజుమాబ్ ఇచ్చినవాళ్లలో జబ్బు మళ్లీ పెరగడానికి సగటున పదహారున్నర నెలలు పడితే, కీమో ఇచ్చినవాళ్లలో ఎనిమిది నెలలే. అక్కకు మొదట చూపించిన చోట ఈ పరీక్షల పేరే ఎత్తకుండా కీమో మొదలుపెట్టారు. తర్వాత వేరే డాక్టర్ చెబితే వెళ్లి బయాప్సీ బ్లాక్ (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్క) అడిగి తెచ్చుకుని, చేతి డబ్బు పెట్టి చేయించాం. ఆ బ్లాక్ మనం అడిగి తీసుకోవచ్చని కూడా మాకు అప్పటిదాకా తెలియదు.

2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు, మంచిదే. అయితే పరిమితి ఎంత పెంచినా, ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్ష మొదట్లోనే జరగకపోతే ఆ డబ్బు తప్పు మందుకి పోతుంది. క్యాన్సర్ వేరే చోటికి పాకిందని తేలిన ప్రతి పెద్దపేగు రోగికి ఈ మూడు పరీక్షలు పథకం కిందే ఉచితంగా జరగాలి, ఆపరేషన్‌కి పనికిరారు అని రాసే ముందు ఛాతీ సర్జన్ ఉన్న ట్యూమర్ బోర్డు, అంటే వేర్వేరు విభాగాల క్యాన్సర్ డాక్టర్ల బృందం, ఆ స్కాన్ చూసి సంతకం పెట్టాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖ మంత్రులూ ఈ మేరకు ఉత్తర్వులు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఖమ్మం